ఛాత్రోపాధ్యాయులకు ‘కళ’ తోడు
పాఠ్యప్రణాళికలో చోటున్నా రికార్డులకే పరిమితం.. సద్వినియోగమైతే ఒత్తిడికి ఉపశమనం

మలక్‌పేట: చేతిలో సుద్దముక్క.. చంకలో పాఠ్యపథకాల రికార్డు.. ఎదుట యాభై జతల కళ్లు.. వెనుక బల్లపై కలం పట్టుకుని కూర్చున్న పర్యవేక్షకుడు. ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న ప్రతి ఒక్కరికీ ఈ దృశ్యం అనుభవమే. నిన్నటివరకు తాను విద్యార్థి. నేడు నల్లబల్ల ముందు నిలబడగానే ‘సార్, మీరు పక్కా సారేనా? ఎన్ని రోజులు ఉంటరు?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. సమాధానం చెప్పేలోపే గొంతు తడారిపోతుంది. పాఠం ఎలా చెప్పాలో నేర్పే కళాశాలలో ఆ తడారిన గొంతు గురించి మాట్లాడే సమయం మాత్రం దొరకదు.

ఈ లోటును పూడ్చేందుకే బొమ్మ, మట్టి, పాట, నాటిక, రాత వంటి భావవ్యక్తీకరణ కళలను ఉపాధ్యాయ శిక్షణలో భాగం చేశారు. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో జారీ చేసిన నిబంధనల్లోనే వీటికి స్పష్టమైన స్థానం ఉంది. అయితే అనేకచోట్ల ఆ స్థానం అట్టవేసిన రికార్డు పుస్తకంలోనే మిగిలిపోతోంది.

గదుల్లో ఒంటరితనం

నల్గొండ నుంచి నగరంలోకి వచ్చే దారిలో ఉన్న మలక్‌పేటకు జిల్లాల నుంచి చదువుకోసం వచ్చే యువత కొత్త కాదు. నల్గొండ చౌరస్తా అన్న పేరే ఆ అనుబంధానికి గుర్తు. ఇటు మూసారాంబాగ్, అటు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి వరకు వసతిగృహాలు, అద్దెగదులు, శిక్షణ కేంద్రాలు విస్తరించాయి. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ మెట్రో మార్గం మొదలయ్యాక రాకపోకలు మరింత సులువయ్యాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని విద్యా కళాశాలకైనా, మాసబ్‌ట్యాంకులోని ప్రభుత్వ ఉపాధ్యాయ విద్యా సంస్థకైనా, గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయానికైనా ఇక్కడి నుంచి ప్రయాణం అసాధ్యమేమీ కాదు.

గదిలో నలుగురుంటే ఒకరు బీఈడీ, మరొకరు టెట్‌కు, ఇంకొకరు డీఎస్సీకి సిద్ధమవుతుంటారు. ఉదయం పాఠశాల, సాయంత్రం పాఠ్యపథకాలు, రాత్రి బిట్ల పుస్తకాలు. ప్రకటన ఎప్పుడొస్తుందో తెలియని ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడటం ఉమ్మడి రాష్ట్రం నాటినుంచీ అలవాటైన సంగతే. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకు ప్రకటన వెలువడితే, తర్వాతి పెద్ద నియామకం 11,062 పోస్టులతో 2024లో జరిగింది. నడుమ గడిచిన కాలంలో శిక్షణ పూర్తిచేసిన వారి వయసు, ఇంట్లో వారి ఓపిక రెండూ కరిగాయి. ఆడపిల్లలైతే పెళ్లి మాటలకూ జవాబు చెప్పుకోవాలి. తరగతి గదిలో వణికే గొంతు వెనుక ఇవన్నీ ఉంటాయి.

ఆరు నిమిషాలకో విమర్శ

శిక్షణ తీరులోనూ ఒత్తిడి ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1963లో రూపుదిద్దుకున్న సూక్ష్మబోధన మన బీఈడీ కళాశాలల్లో నేటికీ తొలి మెట్టు. ఎన్‌సీఈఆర్‌టీ పద్ధతి ప్రకారం ఆరు నిమిషాలు బోధన, ఆరు నిమిషాలు సమీక్ష, పన్నెండు నిమిషాలు పునఃప్రణాళిక, మళ్లీ ఆరు నిమిషాలు బోధన, చివరి ఆరు నిమిషాలు మరో సమీక్ష. మొత్తం 36 నిమిషాల చక్రం. ప్రశ్నించడం, ఉదాహరించడం, నల్లబల్ల వినియోగం వంటి ఒక్కో నైపుణ్యాన్ని విడదీసి నేర్పడానికి ఇది పనికొస్తుందనడంలో సందేహం లేదు. కానీ సహవిద్యార్థుల ఎదుట ఆరేసి నిమిషాలకు ఒకసారి తప్పులు వినాల్సి వచ్చినప్పుడు బిడియస్తుల పరిస్థితి ఏమిటన్నది ఈ చక్రంలో ఎక్కడా లేదు.

ఆ తర్వాత పాఠశాల అనుభవం. 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లయింది. 2015-16 నుంచి అమలైన ఈ విధానంలో ఇరవై వారాలు పాఠశాలల్లోనే గడపాలి. మొదటి ఏడాది నాలుగు, రెండో ఏడాది పదహారు వారాలు. ఈ కాలానికి 90 శాతం హాజరు తప్పనిసరి. ఉపాధ్యాయుల కొరత ఉన్న పాఠశాలలో ఛాత్రోపాధ్యాయుడు అడుగుపెట్టాడంటే ఖాళీ పీరియడ్లన్నీ అతనివే. ఈ మాటను ఏ ప్రధానోపాధ్యాయుడూ కాదనడు.

నిబంధనల్లో ఏముంది?

జస్టిస్ జె.ఎస్.వర్మ కమిషన్ 2012లో ఉపాధ్యాయ విద్యపై నివేదిక ఇచ్చింది. దాని వెలుగులో వచ్చినవే 2014 నిబంధనలు. వీటిలో ‘వృత్తి సామర్థ్యాల పెంపు’ పేరిట నాలుగు అంశాలను చేర్చారు. పాఠ్యాలను చదివి ఆలోచించడం ఒకటి, విద్యలో నాటకం-కళలు రెండోది, సమాచార సాంకేతికత మూడోది, ‘తన్ను తాను తెలుసుకోవడం’ నాలుగోది. రెండో అంశాన్నీ నాలుగో అంశాన్నీ కలిపి చదివితేనే అసలు ఉద్దేశం బోధపడుతుంది. పిల్లలకు బొమ్మలు నేర్పడానికే కాక, పిల్లల ముందు నిలబడే మనిషి తన భయాలను, పక్షపాతాలను, బాల్యంలో తిన్న దెబ్బలను గుర్తించడానికీ కళను సాధనంగా వాడాలన్నది దాని సారాంశం. చిన్ననాట బెత్తం దెబ్బలు తిన్నవారు తరగతి అదుపు తప్పగానే తెలియకుండానే బెత్తం వైపు చేయి చాపుతారు. ఆ చేతిని ముందుగా తానే చూసుకోవాలి.

బోధనా సిబ్బంది విషయంలోనూ నిబంధన ఉంది. వందమంది ప్రవేశసామర్థ్యం ఉన్న బీఈడీ కళాశాలలో పదహారుమంది అధ్యాపకులుండాలి. వారిలో ఒకరు చిత్రకళ వంటి లలితకళలకు, మరొకరు సంగీతం, నృత్యం, రంగస్థలం వంటి ప్రదర్శన కళలకు సంబంధించినవారై ఉండాలి. కళలు, హస్తకళల వనరుల కేంద్రమూ ఉండాలి. తనిఖీ బృందం వచ్చిన రోజున ఈ గదికి రంగుకాగితాలు అతికించడం, మిగతా రోజుల్లో తాళం వేయడం గురించి ఈ రంగంలోని వారికి వేరే చెప్పనక్కరలేదు.

పోటీ కాదు.. పలుకు

‘మాకు బొమ్మలు రావు’ అన్నది ఛాత్రోపాధ్యాయుల నుంచి వచ్చే మొదటి అభ్యంతరం. నిజానికి ఈ పద్ధతిలో బొమ్మ బాగుందా లేదా అన్న ప్రశ్నే ఉదయించదు. బహుమతి ఉండదు, ప్రదర్శన ఉండదు. నోటితో చెప్పలేనిదాన్ని చేతితోనో, ఒంటితోనో చెప్పగలిగారా అన్నదే ముఖ్యం.

దీనికి చరిత్ర కూడా ఆసక్తికరమైనదే. బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ 1938లో క్షయవ్యాధితో ఆసుపత్రి మంచం పట్టి, బొమ్మలు గీస్తూ తేరుకున్నాడు. తోటి రోగులకూ కుంచె అందించాడు. కళాచికిత్స అన్న మాటను 1942లో వాడుకలోకి తెచ్చింది ఆయనే. 1974లో అమెరికాలోని లెస్లీ విద్యాసంస్థలో షాన్ మెక్‌నిఫ్ వివిధ కళలను కలిపి వాడే శిక్షణను ప్రారంభించారు. మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ కుమార్తె నటాలీ రోజర్స్ 1993లో వెలువరించిన గ్రంథంలో ఒక కళ మరో కళకు దారితీస్తుందని వివరించారు. ముందు ఒంటిని కదిలించి, ఆ వెంటనే రంగులు పూసి, ఆపై నాలుగు వాక్యాలు రాస్తే లోపలి మాట క్రమంగా బయటికొస్తుందన్నది ఆమె పద్ధతి. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాట కట్టే మన ఆడపడుచులకు ఈ సంగతి ఎవరూ గ్రంథం రాసి చెప్పలేదు.

పరిశోధనల తీరు

డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో 39 మంది వయోజనులకు కాగితం, మట్టి, రంగుపెన్నులు ఇచ్చి 45 నిమిషాలు తోచింది చేయమన్నారు. ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనును కొలిచారు. దాదాపు 75 శాతం మందిలో అది తగ్గింది. కళలో ముందే అనుభవం ఉన్నవారికీ లేనివారికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బొమ్మలు రావన్నవారికి ఇంతకన్నా జవాబు అక్కరలేదు. అయితే పాల్గొన్నది కొద్దిమందే కాబట్టి, ఒక్క పూటలో తగ్గిన హార్మోనును శాశ్వత నివారణగా భావించరాదు.

రాత విషయంలో జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగం ప్రసిద్ధం. కళాశాల విద్యార్థులను వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాల చొప్పున తమ జీవితంలోని బాధాకర సంఘటన గురించి రాయమన్నారు. రాసిన వెంటనే వారి మనసు మరింత బరువెక్కింది. కానీ తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లాల్సిన అవసరం మిగతావారికన్నా వారికి తక్కువైంది. ఇందులో మొదటి సగాన్ని మరచి రెండో సగాన్నే చెప్పేవారు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2019లో మూడు వేలకు పైగా అధ్యయనాలను పరిశీలించి, ఆరోగ్య పరిరక్షణలో కళలకు గణనీయమైన పాత్ర ఉందని తేల్చింది.

ఎలా చేయిస్తారు?

పదిహేను, ఇరవై మంది గుండ్రంగా కూర్చుంటే చాలు. కుర్చీలు, వేదిక అక్కరలేదు. మొదట పేరుతోపాటు ఒక కదలిక. చేయి ఊపవచ్చు, భుజం ఎగరేయవచ్చు. మిగతావారంతా ఆ కదలికను తిరిగి చేస్తారు. నవ్వులు పూస్తాయి. బిడియం సగం పోతుంది.

తర్వాత ‘గీతల్లో నేటి రోజు’. ఉదయం లేచింది మొదలు సాయంత్రం వరకు రోజు ఎలా గడిచిందో ఒకే గీతగా గీయాలి. మనిషి బొమ్మ, చెట్టు బొమ్మ గీయకూడదన్నదే నియమం. గీత ఎక్కడ పదునెక్కింది, ఎక్కడ ముడిపడింది, ఎక్కడ తెగిందన్నది గీసినవారే చెబుతారు. పక్కవారు అర్థాలు తీయరాదు. ‘నీకు కోపం ఎక్కువ, అందుకే ఎరుపు వాడావు’ అనడం ఇక్కడ పెద్ద తప్పు.

మరో కార్యక్రమం ముఖౌటా. చేర్యాల నకాషీ కళాకారులు రంపపు పొట్టు, చింతగింజల జిగురుతో ముఖౌటాలు చేస్తారు. అంత పనితనం లేకున్నా పాత అట్టపెట్టె, మైదాపిండి జిగురు, దినపత్రిక ముక్కలతో ఒకటి తయారు చేయవచ్చు. బయటివైపు తరగతికి కనిపించే ముఖం, లోపలివైపు తనకే తెలిసిన ముఖం. లోపలివైపు చూపించాలన్న బలవంతం ఎవరిపైనా ఉండదు. రంగుల కోసం దూరం వెళ్లాల్సిన పని కూడా లేదు. మలక్‌పేట గంజిలో రాలిన ఉల్లి పొట్టును ఉడికిస్తే పసుపు-గోధుమ వర్ణం వస్తుంది. పసుపులో సున్నం కలిపితే ఎరుపు. పారాణి కలిపే ప్రతి ఇంటికీ తెలిసిన విద్యే ఇది.

అన్నిటికన్నా ఛాత్రోపాధ్యాయులకు నేరుగా పనికొచ్చేది వేదిక నాటకం. బ్రెజిల్‌కు చెందిన రంగస్థల కర్త అగస్తో బోల్ 1970ల్లో రూపొందించిన పద్ధతి ఇది. పశ్చిమ బెంగాల్‌లో జన సంస్కృతి సంస్థ 1985 నుంచి దీన్ని పల్లెల్లో ప్రదర్శిస్తోంది. తరగతి గదికి అన్వయిస్తే ఇలా ఉంటుంది. పాఠం మధ్యలో వెనుక బల్ల కుర్రాడు ఈల వేస్తాడు. తరగతి నవ్వుతుంది. ‘సార్’ గట్టిగా అరుస్తాడు. కుర్రాడు ఎదురు సమాధానం చెబుతాడు. సరిగ్గా అప్పుడే పర్యవేక్షకుడు లోపలికి వస్తాడు. ఐదు నిమిషాల ఈ సన్నివేశాన్ని ఒకసారి పూర్తిగా ఆడతారు. రెండోసారి ఆడేటప్పుడు చూసేవారిలో ఎవరైనా ‘ఆగండి’ అనవచ్చు. లేచి వెళ్లి ఆ ‘సార్’ స్థానంలో నిలబడి తానైతే ఏం చేస్తాడో చేసి చూపాలి. ఒకరు మౌనంగా కుర్రాడి పక్కకు వెళ్లి నిలబడతారు. మరొకరు నవ్వులో నవ్వు కలుపుతారు. ఇంకొకరు బయటికి పంపి చిక్కులో పడతారు. ఈల వేసిన కుర్రాడి పాత్రధారి కూడా తనకు ఏమనిపించిందో చెప్పాలి. తప్పుచేసినా మార్కులు పోని తరగతి గది ఛాత్రోపాధ్యాయుడికి దొరికేది ఇక్కడే. ఏ సూక్ష్మబోధనలోనూ ఈ వీలు లేదు.

ఉర్దూ మాధ్యమంలో చదివినవారు, తెలుగు మాధ్యమం వారు కలిసే పాతబస్తీ పరిసరాల్లో మరో సౌలభ్యం ఉంది. ఒకరికి బైత్‌బాజీ తెలుసు, మరొకరికి కోలాటం తెలుసు. ఛత్తాబజార్ పెళ్లిపత్రికల దుకాణాల పుణ్యమా అని అందమైన దస్తూరీ చూడటం ఇక్కడివారికి అలవాటే. తన పేరును ఎదుటివారి లిపిలో రాయడం నేర్చుకోవడంతోనే ఒక పూట గడిచిపోతుంది. అలా మొదలైన స్నేహం ఇంటర్న్‌షిప్ నెలల్లో బస్సు ఛార్జీల అప్పు వరకూ సాగుతుంది.

తెలుగునాట కళ, చదువు కలిసి నడిచిన ఉదంతం కొత్తదేమీ కాదు. 1990లో అక్షరాస్యతా ఉద్యమం కోసం కళాజాతాలు ఊరూరా తిరిగాయి. పాటలు, వీధినాటికలు నేర్చిన వాలంటీర్లే తర్వాత రాత్రిబడుల్లో పలకలు పట్టించారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో సీతమ్మ కథ చదివిన మహిళలు సారా దుకాణాన్ని మూయించిన సంగతి దేశమంతా విన్నదే. ముందు పాడటం నేర్చిన వాలంటీరు తర్వాత పదిమందిలో మాట్లాడటానికి జంకడన్న అంశం మాత్రం ఆ ఉదంతంలో మరుగున పడిపోయింది.

చూపు లేని చోట, వినికిడి లేని చోట

మలక్‌పేటకు ఈ విషయంలో ప్రత్యేకత ఉంది. దృష్టి లోపం గల బాలికలకు, వినికిడి లోపం గల పిల్లలకు ప్రభుత్వ పాఠశాలలు ఇక్కడే ఉన్నాయి. వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయం నల్గొండ చౌరస్తాలోనే ఉంది. ఇటువంటి తరగతిలోకి అడుగుపెట్టే ఛాత్రోపాధ్యాయుడికి తాను నేర్చిన విద్య సగం పనికిరాదు. చూపు లేని పిల్లలకు చార్టు వ్యర్థం. వినికిడి లేని పిల్లలకు గంటసేపు ఉపన్యాసం వ్యర్థం.

కళాభ్యాసం పొందినవారికి ఇక్కడ ఊతం దొరుకుతుంది. కళ్లకు గంతలు కట్టుకుని మట్టితో పక్క మనిషి చేతిని మలచడం, గొంతు వాడకుండా ఒక చిన్న కథను అభినయించడం వంటివి శిక్షణలో చేసి ఉంటే, వేళ్లూ ముఖమూ బోధిస్తాయన్న సంగతి తెలిసివస్తుంది. గంతలు కట్టుకున్నంత మాత్రాన అంధత్వం అర్థమైపోయిందని అనుకోరాదన్న హెచ్చరిక కూడా అవసరం. అది తన భయాన్ని తెలుసుకునే మార్గమే తప్ప వారి జీవితాన్ని తెలుసుకునే మార్గం కాదు. దాని కోసం ఆ పిల్లలనే అడగాలి.

మార్కులతో చిక్కు

ఇంత ఉన్నా ఆచరణలో ఎందుకు వెనుకబడుతోంది? మొదటి కారణం మార్కులే. ఈ అంశాలకు అంతర్గత మూల్యాంకనం ఉంటుంది. లోపలి భయాన్ని గీసిన బొమ్మకు పదికి ఆరు వేస్తే, రెండోసారి ఎవరూ నిజం గీయరు. పూలకుండీ గీసి ఇస్తారు. ‘తన్ను తాను తెలుసుకోవడం’ రికార్డును కూడా సీనియర్ల నుంచి తెచ్చుకుని నకలు చేసుకునేవారున్నారంటే అంతకన్నా చిత్రం లేదు. హాజరుకు, పాల్గొన్నందుకు మాత్రమే మార్కులిచ్చి, చేసిన పనిని ఎవరిది వారికే వదిలేయడం ఒక్కటే ఇందుకు మార్గం.

రెండో కారణం నడిపేవారు లేకపోవడం. మాదాపూర్‌లోని సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం ప్రాంతీయ కార్యాలయం తోలుబొమ్మలు, హస్తకళలను బోధనలో వాడటంపై సర్వీసులో ఉన్న ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తోంది. 1979లో ఏర్పాటైన ఈ సంస్థ దేశవ్యాప్తంగా ఇదే పని చేస్తోంది. ఛాత్రోపాధ్యాయులకు బోధించే అధ్యాపకులకూ ఇటువంటి శిక్షణ అవసరం.

హద్దులు తెలిసి చేయించడమూ ముఖ్యమే. ఇది వైద్యం కాదు. సర్కిల్‌లో విన్న మాట బయటికి పోరాదు. వద్దన్నవారిని బలవంతపెట్టరాదు. ఎవరైనా ఏడిస్తే అది కార్యక్రమ విజయమని చప్పట్లు కొట్టరాదు. పక్కన కూర్చుని, నీళ్లిచ్చి, తర్వాత విడిగా మాట్లాడాలి. నిద్రపట్టకపోవడం, బతుకుపై విరక్తి మాటలు వినిపిస్తే రంగుపెన్నులతో సరిపెట్టక వెంటనే నిపుణుల వద్దకు పంపాలి. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ముందున్నది మార్పుల కాలం. 2020 జాతీయ విద్యావిధానం కళలతో మేళవించిన బోధనను నొక్కిచెప్పింది. నాలుగేళ్ల సమీకృత ఉపాధ్యాయ విద్య 2023-24లో ప్రయోగాత్మకంగా మొదలైంది. డిగ్రీ నాలుగేళ్లు చదివినవారికి, పీజీ పూర్తిచేసినవారికి ఏడాది బీఈడీని తిరిగి తెచ్చే ముసాయిదాను 2025లో విడుదల చేశారు. రెండేళ్లలోనే చోటు దొరకని కార్యక్రమానికి ఏడాదిలో ఎంత చోటిస్తారన్నది వేచిచూడాల్సిన విషయం.

కళాశాల కోసం ఎదురుచూడనక్కరలేదన్నవారికి మూసారాంబాగ్ అద్దెగదులే చాలు. శనివారం సాయంత్రం ఒక గంట, నలుగురు మిత్రులు, పాత దినపత్రికలు, రెండు డ్రాయింగ్ షీట్లు, ఒక పెట్టె మైనపు రంగులు. ఫోన్లు తలుపు దగ్గర. మొదటి పావుగంట ఎవరూ మాట్లాడకుండా ఆ వారం గీతను గీయడంతో మొదలుపెట్టవచ్చు.